ఎల్డింగు పిల్లల ఉద్దానం

విశాఖలో డేటా సెంటర్లు కట్టడానికి వేల చేతులు కావాలి. ఆ చేతులు పలాస, కంచిలి, సోంపేట రేకుల షెడ్లలో ఎప్పటినుంచో తయారవుతున్నాయి. మరి ఆ పనినీ ఈ చేతులనూ కలిపేది ఎవరు?

తెల్లవారి ఎండ ఇంకా కొబ్బరి మట్టల పైకి ఎక్కలేదు. కంచిలి దగ్గర హైవే పక్కన రేకుల షెడ్డులో మాత్రం అప్పుడే నీలి వెలుగు మొదలైంది. మొహానికి నల్లద్దాల ముసుగు, చేతికి తోలు గ్లవుజులు, ఒంటి మీద నిప్పురవ్వలకు చిల్లులు పడిన పాత చొక్కా. పందొమ్మిదేళ్ల కుర్రాడు మోకాళ్ల మీద కూర్చుని ఇనుప పైపు ముక్క చుట్టూ పాకుతున్నాడు. పైపును 45 డిగ్రీల వాలులో బిగించారు. దాన్ని తిప్పకూడదు. మనిషే దాని చుట్టూ తిరగాలి. కింద భాగం వచ్చేసరికి వెల్లకిలా వాలాలి, పక్క భాగానికి మెడ విరిచి చూడాలి, చెయ్యి మాత్రం వణకకూడదు. వెల్డింగ్ విద్యలో ఇదే ఆఖరి మెట్టు. దీని పేరు 6జీ.

అతుకు పూర్తయ్యాక మాస్టారు పైపును కోసి లోపలి వైపు చూస్తాడు. లోపల నల్లగా పొడిపొడిగా పేరుకుని ఉంటే ఆర్గాన్ గ్యాసు సరిగా నిండలేదని అర్థం. ముక్క పక్కన పడేస్తాడు. కుర్రాడు మారు మాట్లాడకుండా గ్రైండర్ అందుకుంటాడు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో ఇద్దరు ఆడవాళ్లు కలిస్తే వినిపించే మాట ఒకటుంది. "మీ గుంటడేటి సేస్తన్నాడప్పా?" "ఎల్డింగు నేర్సుకుంటన్నాడు." ఇక ఆ సంభాషణలో మిగిలేది ఒక్క ప్రశ్న, ఏ దేశం అని. సౌదీ, ఖతర్, సింగపూర్, కాకపోతే జామ్‌నగర్, పరదీప్. వెల్డర్, ఫిట్టర్, రిగ్గర్, స్కాఫోల్డర్ అనే మాటలు ఇక్కడ బడికి వెళ్లని అమ్మమ్మలకు కూడా తెలుసు. పెద్ద పెద్ద చమురుశుద్ధి కర్మాగారాల గొట్టాల మీద ఈ తీరం పిల్లల అతుకులు ఉన్నాయి. ఇప్పుడు అలాంటి పని ఇంటికి దగ్గరగా, ఒక రాత్రి రైలు కూడా ఎక్కనక్కర్లేనంత దగ్గరగా వస్తోంది.

వెయ్యి మెగావాట్ల ఇల్లు

2025 అక్టోబరు 14న ఢిల్లీలో గూగుల్ ఒక ప్రకటన చేసింది. 2026 నుంచి 2030 వరకు ఐదేళ్లలో విశాఖపట్నంలో 15 బిలియన్ డాలర్లు పెట్టి గిగావాట్ స్థాయి ఏఐ హబ్ కడతామంది. అదానీకనెక్స్, ఎయిర్‌టెల్ భాగస్వాములు. డేటా సెంటర్లు రానున్న తర్లువాడ, అడవివరం, రాంబిల్లి పేర్లు ఒక్కసారిగా పత్రికల మొదటి పేజీకి ఎక్కాయి. దానికి రెండు రోజుల ముందే సిఫీ సంస్థ డేటా సెంటర్‌కు మంత్రి నారా లోకేశ్ విశాఖలో శంకుస్థాపన చేశారు. నవంబరులో రిలయన్స్ భాగస్వామిగా ఉన్న డిజిటల్ కనెక్షన్ సంస్థ మరో 11 బిలియన్ డాలర్లతో ఇంకో గిగావాట్ అంది.

గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. పరవాడ దగ్గర సింహాద్రి ఎన్టీపీసీ కేంద్రం సామర్థ్యం 2,000 మెగావాట్లు. గూగుల్ తలపెట్టిన ప్రాంగణం నిండుగా నడిస్తే సింహాద్రిలో సగం దానికే కావాలి. అంత కరెంటును లోపలికి తెచ్చి, ముక్కలుగా పంచి, అది పుట్టించే వేడిని మళ్లీ బయటికి తోడేసే కట్టడం అది. మనం డేటా సెంటర్ అనగానే ఏసీ గదిలో కంప్యూటర్లను ఊహించుకుంటాం. కట్టే మనిషి కళ్లతో చూస్తే అక్కడ కనిపించేది సబ్‌స్టేషన్, ట్రాన్స్‌ఫార్మర్లు, పానెళ్లు, బస్‌బార్లు, బ్యాటరీ గదులు, వరసగా డీజిల్ జనరేటర్లు, నీటిని చల్లబరిచే చిల్లర్లు, మైళ్లకొద్దీ కేబుల్, మైళ్లకొద్దీ పైపు. గోడలు, కప్పు అందులో సులువైన భాగం. ఎక్కువ ఖర్చూ, ఎక్కువ కష్టమూ కరెంటు పనిలోనూ చల్లార్చే పనిలోనూ ఉంటుంది.

ఏఐ వచ్చాక ఈ పని ఇంకా సున్నితమైంది. పాత డేటా సెంటర్లలో ఒక్కో ర్యాకు, అంటే సర్వర్ల బీరువా, ఐదు నుంచి పది కిలోవాట్లు లాగేది. ఏఐ చిప్పులు చేసే ఎన్విడియా ర్యాకు ఒక్కటే దాదాపు 120 కిలోవాట్లు లాగుతుంది. మూడు కిలోవాట్ల మీటరున్న నలభై ఇళ్లు ఒక్క బీరువాలో కూర్చున్నట్టు. ఆ వేడిని గాలి మోయలేదు. నీటిని నేరుగా చిప్పు పక్కదాకా పంపాలి. దానికి స్టెయిన్‌లెస్ స్టీలు పైపులు కావాలి, లోపల మసి లేని, నలక లేని అతుకులు కావాలి. కంచిలి షెడ్డులో మాస్టారు పైపు కోసి లోపల చూసింది సరిగ్గా దానికోసమే. ఆయన మనసులో ఉన్నది గల్ఫ్ రిఫైనరీయే కావచ్చు. ఆ పరీక్ష మాత్రం ఇక్కడా పనికొస్తుంది.

| ఎవరి పని ఏమిటి? |
|---|
| పైపు వెల్డర్: చిల్లర్ నుంచి ర్యాకు వరకు నీటి గొట్టాల అతుకులు. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలకు ఆర్గాన్ వెల్డింగ్. సర్టిఫికెట్ ఎన్ని ఉన్నా సైటు గేటు దగ్గర ట్రేడ్ టెస్ట్ మళ్లీ పెడతారు. అతుకును ఎక్స్‌రే తీస్తారు, లేదా వంచి చూస్తారు. |
| ఎలక్ట్రీషియన్: కేబుల్ లాగడం ఒక ఎత్తు, దాని కొసను పానెల్‌లో బిగించడం ఇంకో ఎత్తు. బోల్టును టార్క్ రెంచ్‌తో చెప్పిన బిగువుకే తిప్పాలి. వదులైతే వేడెక్కి కాలుతుంది. |
| రిగ్గర్: టన్నుల బరువున్న జనరేటర్‌ను, ట్రాన్స్‌ఫార్మర్‌ను గీత తప్పకుండా దించే మనిషి. |
| ఫిట్టర్: డ్రాయింగ్ చదివి పైపును కొలిచి, కోసి, వెల్డర్ చేతికి అందించేవాడు. ఫిట్టర్ తప్పు చేస్తే వెల్డర్ దిద్దలేడు. |

అమెరికాలోనే మనుషులు లేరు

అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలో యాష్‌బర్న్ అనే ఊరుంది. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ డేటా సెంటర్లు గుమిగూడిన చోటు ఆ చుట్టుపక్కలే. మన తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు కూడా అదే. అక్కడ ఇప్పుడు కంపెనీలు వెతుక్కుంటున్నది ఎలక్ట్రీషియన్లను. డేటా సెంటర్లు కట్టడానికి తమకు ఎదురవుతున్న పెద్ద ఇబ్బంది ఎలక్ట్రీషియన్ల కొరతేనని మైక్రోసాఫ్ట్ అధ్యక్షుడు బ్రాడ్ స్మిత్ బాహాటంగానే చెప్పారు. ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ 2026 జనవరిలో దావోస్ వేదిక మీద ప్లంబర్ల గురించి, ఎలక్ట్రీషియన్ల గురించి, ఉక్కు పనివాళ్ల గురించి మాట్లాడారు. చిప్పులు అమ్మే మనిషి పైపు పనివాళ్లను పొగడటం వెనక ఆయన అవసరం ఆయనకుంది. పనివాడు లేకపోతే చిప్పు పెట్టెలోనే ఉండిపోతుంది.

మన దగ్గర మాత్రం ఏఐ అనగానే ఇంజినీరింగ్ కాలేజీల గోడల మీద కొత్త కోర్సుల ఫ్లెక్సీలు కడుతున్నారు. ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు, రెండేళ్ల ఫిట్టర్ కోర్సు, ఏడాది వెల్డర్ కోర్సు ఎప్పటినుంచో ఉన్నాయి. పదో తరగతిలో మార్కులు తగ్గిన పిల్లలు వెళ్లే చోటుగానే వాటిని చూశాం. ఆ చూపు నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. నేను చదివిన బడిలో మార్కులు తక్కువని వెనక బెంచీలో కూర్చోబెట్టిన స్నేహితుడు ఇరవై ఏళ్లుగా సముద్రం మధ్య చమురు వేదికల మీద వెల్డింగ్ చేస్తున్నాడు. అతని అతుకు మీద వందల మంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. ఊరికి వచ్చినప్పుడు అతన్ని ఏ బడీ పిలిచి పిల్లలతో మాట్లాడించలేదు.

తిత్లీ నేర్పిన పని

ఉద్దానం అంటే ఉద్యానవనం. పేరుకు తగ్గట్టే కొబ్బరి, జీడిమామిడి, పనస. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమ, టెక్కలి చుట్టూ నీలి గ్రానైట్ క్వారీలు. ఇంత పచ్చదనం ఉన్నచోట వలసెందుకు అని కొత్తవాళ్లు అడుగుతారు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస, వజ్రపుకొత్తూరు తీరాన్ని తాకింది. ఉదయానికి తోటలు నేలమట్టం. తాతలు నాటిన కొబ్బరిచెట్లు వేళ్లతో సహా పడి ఉన్నాయి. అంతకు ఐదేళ్ల ముందే, 2013 అక్టోబరులో, ఫైలిన్ ఒకసారి ఊపి వెళ్లింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఐదు నుంచి ఏడేళ్లు. ఆ ఏడేళ్లూ ఇల్లు ఎలా నడవాలి? చెట్టు కాసేదాకా కొడుకు కాయాలి. వలస తిత్లీకి ముందూ ఉంది, నిజమే. కానీ తోట మీద నమ్మకం విరిగింది మాత్రం ఆ రాత్రే. తుపాను తర్వాత నాటిన మొక్కలు కాపుకొచ్చే వేళకే, సరిగ్గా ఏడేళ్లకు, అదే అక్టోబరులో విశాఖ ప్రకటన వచ్చింది.

పరిశ్రమ అంటే ఈ తీరానికి చేదు జ్ఞాపకాలూ ఉన్నాయి. థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దని బీల చిత్తడి భూముల కోసం నిలబడిన సోంపేట మీద 2010 జులై 14న పోలీసు తూటాలు పేలాయి. 2011 ఫిబ్రవరి 28న టెక్కలి పక్కన కాకరాపల్లిలో మళ్లీ అదే జరిగింది. రెండుచోట్లా రైతులు, మత్స్యకారులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లు అడిగింది ఉద్యోగం కాదు, నీళ్లు, చేపలు, పంట. ఇప్పుడు మూలపేట పోర్టు పనులు నడుస్తున్నాయి, పలాస వైపు విమానాశ్రయం మాట వినిపిస్తోంది. భూమి ఇవ్వడానికి భయపడే రైతు కొడుకే పని కోసం గేటు దగ్గర నిలబడుతున్నాడు. ఇద్దరిదీ ఒకే ఇల్లు. ఈ ప్రాంతం గురించి రాసేవాళ్లు ఆ ఇద్దరిలో ఒకరి మాటే వింటే సగమే తెలుస్తుంది.

క్రియాటినిన్ ఎంత?

గల్ఫ్ వీసా కోసం మెడికల్ పరీక్షకు వెళ్లే కుర్రాడికి మిగతా చోట్ల లేని ఒక భయం ఉద్దానంలో ఉంది. రక్తపరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంత వస్తుంది? ఈ మాట ఇక్కడ ఉప్పు, చింతపండులా ఇంటి మాట అయిపోయింది. కిడ్నీ వైద్యుడు డాక్టర్ టి.రవిరాజు బృందం 2019లో ప్రచురించిన అధ్యయనంలో ఇక్కడ 2,210 మందిని పరీక్షిస్తే 18.23 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కనిపించింది. దాదాపు ఐదుగురిలో ఒకరు. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. హిరమండలం నుంచి శుద్ధిచేసిన నీళ్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అయినా ఎల్డింగు నేర్చి, వీసా వచ్చి, మెడికల్‌లో ఆగిపోయిన కుర్రాడి ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగదు. ఉద్యోగం పోయిందన్న బాధ కన్నా, నాన్నకొచ్చిన జబ్బే తనకూ వచ్చిందన్న సంగతి అలా తెలియడం పెద్ద దెబ్బ.

డేటా సెంటర్ కట్టడాల గురించి మాట్లాడేటప్పుడు దీన్ని ఎవరూ తలవడం లేదు. నేను తలుస్తున్నాను. నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల్లో చెరకు కోసే కూలీలకు ఇలాంటి కారణం తెలియని కిడ్నీ జబ్బే వచ్చింది. ఎండలో ఒళ్లు ఆరిపోయేదాకా పనిచేయడాన్ని అక్కడి పరిశోధకులు ప్రధానంగా అనుమానించారు. నికరాగువాలో ఒక చక్కెర మిల్లు నీళ్లు, నీడ, విశ్రాంతి అనే మూడు ఏర్పాట్లను పనిలో భాగం చేసింది. ఉద్దానం జబ్బుకు వేడి కారణమని ఎవరూ తేల్చలేదు. తేలేదాకా ఆగాల్సిన పని మాత్రం లేదు. మే నెలలో ఇనుప చట్రం మీద, తోలు చొక్కా వేసుకుని, ముసుగులో మొహం పెట్టి వెల్డింగ్ చేసేవాడికి గంటకోసారి నీళ్లు, నీడలో పది నిమిషాలు ఇవ్వడానికి ఏ పరిశోధన ఫలితం కావాలి? విశాఖ సైట్లలో పనిచేసే ప్రతి ఉద్దానం మనిషికీ పనిలో చేరేటప్పుడు, తర్వాత ఆర్నెల్లకోసారి కిడ్నీ పరీక్ష చేయాలి. ఆ పరీక్ష మనిషిని తీసేయడానికి సాకు కాకూడదు. పని మార్చి ఇవ్వడానికి, ముందుగా మందు మొదలుపెట్టడానికి దారి కావాలి.

గేటు లోపల ఎన్ని మెట్లు

గూగుల్ ప్రాజెక్టు వల్ల ప్రత్యక్షంగా, పరోక్షంగా దాదాపు లక్షా 88 వేల మందికి పని దొరుకుతుందని ప్రభుత్వం చెబుతోంది. ఈ అంకెను విప్పి చూడాలి. డేటా సెంటర్ కట్టేటప్పుడు వేల మంది కావాలి, కట్టాక నడపడానికి వందల్లో సరిపోతారు. కాబట్టి మన పిల్లల అవకాశం మొదటి నాలుగైదేళ్లలోనే ఉంది. అది కూడా కంపెనీ నుంచి నేరుగా రాదు. కంపెనీ పెద్ద కాంట్రాక్టరుకు ఇస్తుంది, అతను పైపు పని ఒకరికి, కరెంటు పని ఒకరికి విడగొడతాడు, వాళ్లు మేస్త్రీలను పట్టుకుంటారు, మేస్త్రీ తన ఊరి మనుషులను తెస్తాడు. మేస్త్రీ ఏ రాష్ట్రం వాడైతే సైటులో ఆ రాష్ట్రం భాషే వినిపిస్తుంది. ఒడిశా, బిహార్, బెంగాల్ నుంచి వచ్చే పనివాళ్ల మీద నాకే కోపమూ లేదు. మన వాళ్లు జామ్‌నగర్‌లో ఎలా బతుకుతున్నారో వాళ్లు ఇక్కడ అలాగే బతుకుతున్నారు. నా బాధల్లా, 6జీ కొట్టగలిగిన పలాస కుర్రాడు విశాఖ సైటుకు హెల్పరుగా వెళ్లడం.

అలా ఎందుకు జరుగుతుందంటే చేతిలో ఉన్న కాగితానికి విలువ లేదు. షెడ్డు ఇచ్చే సర్టిఫికెట్ చూసి పెద్ద కాంట్రాక్టరు ట్రేడ్ టెస్టుకు పిలవడు. గల్ఫ్‌లో పదేళ్లు చేసిన అనుభవాన్ని మన ప్రభుత్వ పద్దు ఎక్కడా రాసుకోదు. ఉన్న పనితనాన్ని పరీక్షించి గుర్తించే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఇప్పటికే ఉంది. దాన్ని పలాసకో టెక్కలికో తెచ్చి, ఎక్స్‌రే యంత్రంతో సహా ఒక పరీక్షా కేంద్రం పెట్టి, అక్కడ నెగ్గినవాడి పేరు నేరుగా కాంట్రాక్టరు చేతికి వెళ్లేలా చేస్తే మధ్యలో రెండు మెట్లు తగ్గుతాయి. వెల్డింగ్ నైపుణ్యం కొత్తగా నేర్పనక్కర్లేదు. ఆ ఖర్చు తల్లిదండ్రులు జీడితోట తాకట్టు పెట్టి ఎప్పుడో భరించారు.

ఇంకో లోటు కూడా చెప్పాలి. ఉద్దానం పిల్లల్లో ఎక్కువమంది వెల్డింగ్ వైపే పరిగెత్తారు. డేటా సెంటర్‌లో అంతకంటే ఎక్కువ కరువు హైటెన్షన్ పానెళ్లు తెలిసిన ఎలక్ట్రీషియన్లకు. వైర్‌మన్ పర్మిట్ ఉన్నవాళ్లు ఊరికి ఒకరిద్దరు దొరికినా, 33 కేవీ స్విచ్‌గేర్ దగ్గర నిలబడిన అనుభవం ఉన్నవాళ్లు అరుదు. ఇది ఇంటి వైరింగ్ నేర్చినంత త్వరగా వచ్చేది కాదు, తప్పు జరిగితే దిద్దుకునే అవకాశం ఇచ్చేదీ కాదు. కాబట్టి అప్రెంటిస్‌షిప్ ఇప్పుడే మొదలవ్వాలి. పునాదులు పడుతున్నప్పుడు నేర్చుకోవడం మొదలుపెట్టినవాడే పానెల్ వచ్చేసరికి దాని ముందు నిలబడగలడు. కట్టడం అయిపోయాక నడిపే కొద్దిమందిలోనూ అతనే మిగులుతాడు.

| సంతకం పెట్టే ముందు |
|---|
| విదేశానికైతే: ఏజెంటుకు కేంద్ర విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. చట్టం ప్రకారం ఏజెంటు తీసుకోగల రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షల్లో అడిగితే అక్కడే ఆగాలి. టూరిస్టు వీసా మీద పనికి వెళ్లకూడదు. |
| విశాఖకైనా, హైదరాబాద్‌కైనా: 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక నియమావళుల ప్రకారం ప్రతి పనివాడికీ నియామక పత్రం ఇవ్వాలి. అదనపు గంటలకు రెట్టింపు కూలి. నలభై దాటినవారికి ఏటా ఉచిత ఆరోగ్య పరీక్ష. |

పప్పు విరగని వేళ్లు

ఈ కథలో ఇప్పటిదాకా మగపిల్లలే ఉన్నారు. పలాస జీడి బట్టీల్లో పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లు. గింజ పగలగొట్టేటప్పుడు కారే జీడి రసం చర్మాన్ని కాలుస్తుంది, వేళ్ల కొసలు నల్లబడతాయి. అయినా పప్పు విరగకుండా పొట్టు తీసి, చూపుతోనే సైజు తేల్చి వేరు చేస్తారు. డేటా సెంటర్‌లో సన్నటి తీగలను రంగుల వరుస తప్పకుండా కట్టడం, ఒక్కొక్క దానికి నంబరు చీటీ వేయడం, కంట్రోల్ పానెల్‌లో చివరలు బిగించడం ఇలాంటి వేళ్లు, ఇలాంటి ఓపిక అడిగే పనులే. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో మన ఆడపిల్లలు ఫోన్లు బిగించారు. పలాస అమ్మాయికి ఎలక్ట్రికల్ పానెల్ వైరింగ్ నేర్పే ఒక్క షెడ్డయినా హైవే పక్కన ఎందుకు ఉండకూడదు? అడ్డం ఆ అమ్మాయి చేతకానితనం కాదు. విశాఖలో సైటు పక్కన రేకుల గుడిసెల మధ్య ఆడపిల్ల ఎక్కడ ఉంటుంది, మరుగుదొడ్డి ఎక్కడ, రాత్రి షిఫ్టు అయ్యాక ఎలా వస్తుంది అన్న ప్రశ్నలకు తల్లి దగ్గర జవాబు లేకపోవడం. హాస్టల్, బస్సు. ఈ రెండూ ముందు కడితే మిగతాది ఆ అమ్మాయిలే చూసుకుంటారు.

ఒకటో నంబరు ప్లాట్‌ఫాం

సాయంత్రం పలాస స్టేషన్‌లో బ్యాగుల వరసలు. నల్ల బ్యాగు మీద తెల్ల రంగుతో పేరు, ఊరు. పక్కన తల్లి ఇచ్చిన జీడిపప్పు పొట్లం, మాగాయ డబ్బా. హౌరా లైన్లో చెన్నై వైపు వెళ్లే రైలు కోసం ఒక గుంపు, ముంబయికి మారి విమానం ఎక్కాల్సిన ఇంకో గుంపు. ఎవరో సౌదీ నుంచి వీడియో కాల్‌లో ఉన్నాడు. వెనకాల లేబర్ క్యాంపు మంచాలు కనిపిస్తున్నాయి. ప్లాట్‌ఫాం మీది తమ్ముణ్ణి అడుగుతున్నాడు. "వైజాగ్‌ల పనులు మొదలైనాయంట గదరా. వెల్డరుకి ఏపాటి ఇస్తన్నారేటి? కనుక్కోని సెప్పు, ఈ కాంట్రాక్టు అయిపోతే ఒచ్చేస్తాను."

తమ్ముడు పక్కనున్న వాళ్లను అడిగాడు. గుంపులో ఎవరికీ తెలియదు.